చూలాలున్న ఇంటి మిద్దె

ఆత్మకూరులో మా ఇల్లు మా కిరాణా అంగడి వెనకే. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు గచ్చు వేసిన పాతకాలం మిద్దె. ఎండాకాలం చల్లగా ఉంటుంది గానీ, వానొస్తే లోపలి గదిలో గిన్నెలు పరుచుకోవాలి. ఇన్నాళ్ళూ ఎలాగో సర్దుకుపోయాం. ఈసారి కుదరదు. మా అమ్మాయి తొలి కాన్పుకు వస్తోంది. కార్తీకంలో నెలలు నిండుతాయి, మా వైపు ముసుర్లు పట్టేదీ అప్పుడే. బాలింతనూ పసిబిడ్డనూ పడుకోబెట్టడానికి ఈదరగాలి కొట్టని గది అదొక్కటే.

"చూద్దాంలే" అన్నారు మా ఆయన.

"బెల్లం మూట మీద చుక్క పడితే ఊరంతా లేపుతారే, మనవడి మీద పడితే మాత్రం చూద్దామా?" అన్నాను. ఆ మాటతో మేస్త్రీల వేట మొదలైంది.

నెల్లూరు నుంచి వచ్చినతను మిద్దె మొత్తం పడగొట్టి స్లాబు వేసేద్దామన్నాడు. ఇంకొకతను ఫొటోలు పంపమన్నాడు. కారే కప్పును ఫొటో తీస్తే ఏం కనబడుతుంది, నా తలకాయ! చివరికి ఉదయగిరి మేస్త్రి దొరికాడు. చెప్పులు విప్పేసి మిద్దెంతా మెల్లగా నడిచి చూశాడు. పాత గచ్చు పగలగొట్టి కొత్తది వేస్తే చాలన్నాడు. ఆ నడక చూసే నేను ఒప్పేసుకున్నాను.

మంచిరోజు చూసి మనుషులతో వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు, కూలీలు పైకెక్కారు. ముందురోజే పుట్టింటికి చేరిన మా అమ్మాయి కాఫీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. దానికి ఏడో నెల. మేస్త్రి దాన్ని చూశాడు, గ్లాసు అందుకోలేదు.

"రేయ్, గడ్డపార కింద పెట్టండ్రా! ఎవరూ తాకొద్దు" అని పైకి కేకేశాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"చూలాలుండే ఇంట్లో కప్పు పగలగొట్టకూడదమ్మా. ముందే తెలిసుంటే నేను వచ్చేవాణ్ణే కాదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "జేబులో సెల్లు పెట్టుకోని ఏం మాటలయ్యా ఇవి? ముసురు పడితే నా బిడ్డను యాడ పడుకోబెట్టేది? నీ శాస్త్రం వచ్చి గొడుగు పడతాదా?"

"అమ్మా, ఊరుకోమ్మా" అంటూనే ఉంది అమ్మాయి. నేను వింటేగా!

అమ్మాయి లోపలికి పోయేదాకా ఆగి, అతను వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను గూడా ఇట్టనే నవ్వినానమ్మా. నా భార్య నెలలతో ఉన్నప్పుడు మా ఇంటి కప్పు నా చేత్తోనే విప్పినాను, రేకులు మారుద్దామని. బిడ్డ పుట్టినాది. ఏడస్తాదని చూస్తా ఉన్నాం. ఏడవలా. కప్పు వల్లనేనా అంటే నాకు తెలవదు. డాక్టరమ్మ కాదనే చెప్పినాది. కానీ చెయ్యి లేవదమ్మా."

నా కోపం ఎటు పోయిందో! పాపం, ఆ మనిషిని అన్ని మాటలు అన్నానే అనిపించింది. ఇంకో మేస్త్రిని పిలుద్దామన్నారు మా ఆయన. అలాంటి పట్టింపులు నాకేమీ లేవు. అయినా ఆ మాట విన్నాక, బిడ్డ నెత్తిన గడ్డపార దెబ్బలు పడుతుంటే నేను కింద కూర్చోలేను. అలాగని గది కారకుండా ఉండాలి కదా! రాత్రంతా అదే దిగులు.

తెల్లారేసరికి అతనే ఫోన్ చేశాడు. "అమ్మా, కప్పు తియ్యకూడదు గానీ పందిరి వేస్తే తప్పేంది? పందిరి శుభమే గదా!"

గోడలకు ఒక్క మేకు తగలకుండా, ఇంటి చుట్టూ ఇనుప పైపులు నిలబెట్టి, మిద్దెకు పైన రేకులు కప్పాడు. పందిరన్నాక ఉండాలని మామిడాకులు కూడా కట్టాడు. గచ్చు పని పురుడయ్యాక చేస్తానన్నాడు.

"పెళ్ళనుకోని జనం భోజనాలకొస్తారు, ఆకులు తెప్పించు" అని మా ఆయన ఒకటే ఎగతాళి.

కార్తీకంలో మనవరాలు పుట్టింది. దాన్ని ఇంటికి తెచ్చిన వారానికే ముసురు పట్టింది. ఆ వానలో గొడుగేసుకుని మేస్త్రి దిగబడ్డాడు.

"కారతా ఉండాదా అమ్మా?"

"చుక్క లేదు. రా, కూర్చో."

లోపల మనవరాలు గుక్కపెట్టి ఏడుస్తోంది. రేకుల మీద వాన చప్పుడును కూడా మించిపోయింది దాని గొంతు. కాఫీ ఇస్తూ, "పొద్దుటి నుంచీ ఇదే గోల మేస్త్రీ, చెవులు చిల్లులు పడతా ఉండాయి. ఉండు, ఉయ్యాల ఊపి వస్తాను" అని లేవబోయాను.

అతను గ్లాసు పక్కన పెట్టేశాడు. తలుపు వైపే చూస్తున్నాడు.

"ఉండమ్మా," అన్నాడు. "కాసేపు ఏడవనీ."