గోదాముకు రెండు నిమిషాల మౌనం

మన్సూరాబాద్‌లో మా వారపు అంగడి జరిగే స్థలంలో ఒక పెద్ద దుకాణాల సంస్థ గోదాము కట్టదలచింది. దానిపై మా అభిప్రాయాలు వినడానికి ఈ సాయంత్రం ఎల్బీనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో అధికారికంగా సభ జరిగింది.

ఈ రోజుల్లో ఏ సభైనా తెలంగాణ అమరులకు మౌనం పాటించాకే మొదలవుతుంది. అందరం లేచి నిలబడ్డాం. సంస్థ ప్రతినిధి ఫొటో తీసుకున్నారు. మేము కూర్చోగానే సభ నడిపే అధికారి మైకు అందుకుని, సభ మొత్తం లేచి గోదామును ఆమోదించిందనీ, ఒక్క గొంతూ వ్యతిరేకించలేదనీ ప్రకటించారు.

ఆ అంగడిలోనే టమాటాలమ్మి బతికే యాదమ్మ లేచింది. "ఏంది సారూ, మేం లేసింది సచ్చిన పోరగాండ్ల కోసం. నీ గోదాం కోసమా?"

"ఫొటోలో మీరూ నిలబడే ఉన్నారు కదమ్మా," అన్నారు అధికారి.

కిరాణా కొట్టు సుబ్బారావు గారు ఊరుకోలేదు. "మాట్లాడకుండా నిలబడమన్నది మీరే కదండీ!"

సభ ముగిసినట్టు ప్రకటించారు.

చనిపోయిన పిల్లల పేరిట అనుమతి పొందిన తొలి గోదాముగా ఇది చరిత్రకెక్కగలదు. కావున పౌరులు ఇకపై అమరులకు కూర్చుని మాత్రమే నివాళులు అర్పించవలెనని నా మనవి. మీ అభిప్రాయం తెలపండి. మౌనంగా మాత్రం ఉండకండి, దాన్నీ ఆమోదం కింద రాసుకుంటారు.