స్టాండు మీద వాన, చేతిలో వాన

నవంబరు 14, ఉదయం 9 గంటల 42 నిమిషాలు. వీడియో ఆటలు తయారు చేసే కార్యాలయంలో అందరూ కొలతలక్క అని పిలిచే ఆమె, కొత్త ఆట వేగం సరిపోయిందని క్రితం రోజు తాను సంతకం పెట్టిన కాగితాన్ని మేనేజరు దగ్గర నుంచి వెనక్కి తీసుకుంది. పదకొండేళ్ల ఉద్యోగంలో అలా తీసుకోవడం అదే మొదలు.

చేత పట్టుకుని ఆడే యంత్రం సెకనుకు ముప్పై చిత్రాలు చూపాలి. అంటే ఒక్కో చిత్రానికి 33.3 మిల్లీసెకన్లు, అంతకు మించితే కదలిక తడబడుతుంది. వాన ఘట్టంలో ఆమె కొలిచినది 31.6. ఆ రోజే సాయంత్రం నాలుగింటికి ఆట తుది పరీక్షకు వెళ్లాలి. అక్కడ తప్పితే విడుదల మూడు నెలలు వెనక్కి పోతుంది.

ఆమెను అనుమానంలో పడేసింది తల్లి. ఆ పొద్దున ఇంట్లో, కూతురు ఆడి చూడమని తెచ్చిచ్చిన యంత్రంలో సోఫాలో కాళ్లు ముడుచుకుని ఆడుతూ, "ఏమేవ్, మీ వాన మొదలైతే చాలు, నా గుర్రం కుంటుతోంది" అంది.

"నీ చెయ్యి వణికిందేమోనమ్మా."

"నా చెయ్యి వణికితే గుర్రం కాలు విరుగుతుందా? ఏం చదువులే తల్లీ!"

అప్పుడు చూసింది. తల్లి రెండు అరచేతులూ యంత్రం వెనక గాలి రంధ్రాలను మూసేశాయి. ఛార్జింగు తీగ లేదు. అలా వేడెక్కితే, తీగా లేకపోతే యంత్రం తన వేగం తగ్గించుకుంటుంది. కార్యాలయంలో మాత్రం యంత్రం ఎప్పుడూ స్టాండు మీద, తీగ తగిలించుకుని, చల్లగా కూర్చుంటుంది. అందరూ అలాగే కొలుస్తారు, ఆమె కూడా.

కాగితం వెనక్కి తీసుకున్నాక, వాన గీసిన చిత్రకారుడికి యంత్రం అందించింది. "తీగ తీసెయ్. ఇరవై నిమిషాలు కింద పెట్టకు."

"ఇరవై నిమిషాలా? పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చెయ్యే అంతసేపు పట్టుకోలేదక్కా!"

పద్దెనిమిదో నిమిషంలో తెర మూలన, ఒక్కో చిత్రానికి పట్టే మిల్లీసెకన్లు చూపే అంకె 41.2కి చేరింది. అతని నవ్వు ఆగిపోయింది.

"నాలుగు నెలలు చుక్క చుక్కా గీశాను. కోసేస్తావా?"

"కనబడే చుక్క ఒక్కటీ ముట్టుకోను. ఇంటి కప్పు వెనక పడేవాటిని కూడా యంత్రం లెక్కగడుతోంది. అవి ఎవరి కోసం?"

అతను "అవి నా కోసం" అని గొణిగి, కుర్చీ ముందుకు లాక్కుని వాటిని తీసేయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం 2 గంటల 50 నిమిషాలకు సరిచేసిన ఆట యంత్రంలోకి ఎక్కింది. ఈసారి ఆమే కూర్చుంది, కుర్చీలో కాళ్లు ముడుచుకుని, అచ్చం తల్లిలాగే రంధ్రాలు మూసి. ఇరవై నిమిషాలు గడిచాక కొత్త కాగితం మీద మొదట "చేతిలో, తీగ లేకుండా" అని రాసింది. దాని కింద అంకె వేసి, సంతకం పెట్టింది.

32.9