రాజుగారి జుట్టు

మా బాబాయికి ఊరు పెట్టిన పేరు భూతద్దం. ఆ పేరు చెవిన పడితే అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు కానీ, మెడలో వేలాడే అద్దం మాత్రం స్నానానికి తప్ప తీసేవాడు కాదు. పాత నాణేల కొట్టు ఆయనది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఉత్తరం వైపు కిటికీ, దాని దగ్గర బల్ల, బల్ల మీద నల్లగుడ్డ, చిన్న త్రాసు. అంతే. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే కూర్చున్నాడు.

నాణెం ముఖం మీద వేలు పెట్టినవాడు ఆయన లెక్కలో మనిషే కాదు. అంచులు పట్టుకోవాలి. సొంత తోడల్లుడు ఒకసారి వెండి నాణేన్ని పళ్ళపొడితో తళతళలాడేలా తోమి తెచ్చాడు. "చర్మం ఒలిచి తెచ్చావు కదయ్యా!" అని బాబాయి ఏడ్చినంత పని చేశాడు. తర్వాత రెండేళ్ళు వాళ్ళ గడప తొక్కలేదు. అదీ మనిషి.

నాకు బడి ఉద్యోగం పోయినప్పుడు, "ఊరికే కూర్చుంటే బుర్ర తుప్పు పడుతుంది, రా" అని పిలిచి బల్లకు ఇవతల కూర్చోబెట్టాడు. అన్న కూతురినని ముద్దేమీ చేయలేదు. సరిగ్గా చెబితే "ఊఁ" అనేవాడు. తప్పు చెబితే "ఊహూఁ". పదకొండేళ్ళలో నాకు దక్కిన మెచ్చుకోలు ఆ "ఊఁ" ఒక్కటే.

ఈమధ్య ఆయన టీ కప్పులో పోసుకోబోయి సాసరులో పోసుకుంటున్నాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం మా వీధి టైలరమ్మ వచ్చింది. జాకెట్టు గుడ్డ ముక్కలో చుట్టిన వెండి నాణెం తెచ్చింది. వాళ్ళ అత్తగారు దాచిందట. నూరేళ్ళ పైబడినది. ఒకవైపు రాజుగారి తల.

"దీనికి ఏమైనా విలువుంటే ఉంచుకుంటానండీ. లేకపోతే కరిగించి మనవరాలికి చెంచా చేయిస్తా" అంది.

బాబాయి అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "చెవి పైన జుట్టంతా చదునైపోయిందమ్మా. బాగా అరిగింది. వెండి బరువే దీని ధర" అని చీటీ మీద రాసిచ్చాడు.

ఆ నాణెం నేనూ చూశాను. జుట్టు చదునుగా ఉన్నమాట నిజమే. కానీ చేతులు మారి అరిగిన చోట మెరుపు చచ్చి బూడిద రంగు తేలుతుంది. ఇక్కడ కొంచెం వాల్చగానే వెలుగు ఆ చదును మీద కూడా గుండ్రంగా తిరిగింది. అంటే అది అరగలేదు, అలాంటిదానికి వెండి బరువుకు ఎన్నో రెట్లు ధర. కొట్టిన రోజే అచ్చు సరిగ్గా పడలేదు. ఆ రాజుగారు పుట్టడమే జుట్టు లేకుండా పుట్టాడు, అంతే. ఈ తేడా నాకు నేర్పింది బాబాయే. ఆయన కళ్ళకే అది ఆనలేదు.

నోటి దాకా వచ్చింది. పరాయి మనిషి ముందు ఆయన మాట ఎలా తీసెయ్యను? మింగేశాను. టైలరమ్మ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, ఇక్కడినుంచి అటే వెళ్తానంటూ వెండి కొట్టువైపు నడిచింది. ఆ పావుగంటలో నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవర్నీ తిట్టలేదు. చివరికి కక్కేశాను.

"బాబాయ్, అది అరగలేదు. మెరుపుంది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎప్పుడు చూశావు?"

"ఆవిడ ఇక్కడుండగానే."

చెప్పుల కోసం కాళ్ళతో తడుముకున్నాడు. గుమ్మం ముందున్న రెండు మెట్లు దిగేసరికి నా మోచెయ్యి పట్టుకున్నాడు. అదివరకెప్పుడూ పట్టుకోలేదు.

వెండి కొట్టులో నాణెం అప్పటికే వెండి కరిగించే మూసలో ఉంది. కింద బొగ్గులు రాజుకుంటున్నాయి.

"ఆపవయ్యా!" అని బాబాయి గుమ్మంలోంచే అరిచాడు.

కొట్టాయన తాపీగా చీటీ ఎత్తి చూపించాడు. బాబాయి ఎప్పుడు తప్పు చేస్తాడా అని ఏళ్ళ తరబడి కాచుకున్న మనిషి. "బాగా అరిగిందని మీ చేత్తోనే రాశారుగా, గురువుగారూ?"

"రాశాను. అది తప్పు. నా కళ్ళకు పొర కమ్మింది. సరిగ్గా చూసింది మా అమ్మాయి."

నలుగురు గిరాకీల ముందు, గొంతు తగ్గించకుండా చెప్పాడు. కొట్టాయన పటకారుతో నాణేన్ని తీసి టైలరమ్మ ముందు పెట్టాడు.

"అయితే చెంచా రాదాండీ?" అంది ఆవిడ కంగారుగా.

"చెంచా ఏమిటమ్మా, కుట్టుమిషనే కొనుక్కోవచ్చు" అన్నాడు బాబాయి.

"నాకు మిషనుందండీ!"

తిరిగొచ్చేటప్పుడు సగం దారి దాకా నా మోచెయ్యి పట్టుకునే నడిచాడు. తర్వాత ఆగాడు.

"కళ్ళు పోవడం నా ఖర్మ. నువ్వు నోరు మూసుకోవడం మాత్రం నీ తప్పు."

"నీ పరువు పోతుందని..."

"నా పరువు కోసం ఆ రాజుని నిప్పుల్లో వేస్తావా?"



మర్నాడు కిటికీ వైపు కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. అద్దం తాడు నా మెడలో వేసి, తను బల్లకు ఇవతల కూర్చున్నాడు. మొదటి గిరాకీ ఒక నాణెం తెచ్చాడు. వాల్చి, తిప్పి, చూశాను. "కొంచెం అరిగింది, తోమలేదు, బాగుంది" అన్నాను పైకే, అతను వినేలా.

నాణేన్ని బాబాయి చేతిలో పెట్టాను. అంచులు పట్టుకుని కిటికీ వైపు ఎత్తాడు. ఆయనకు అందులో ఏమీ కనబడటం లేదని నాకు తెలుసు.

"ఊఁ" అన్నాడు.