తిప్పితేనే కనబడే నలుసు

మెదడు క్షణంలో ఎలా తేల్చుకుంటుందో లెక్కల్లో రాయడం నా పరిశోధన. మా అమ్మ ఉద్యోగమే క్షణంలో తేల్చడం. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ఇంజెక్షన్ సీసాలు చూస్తుంది. సీసాను మెల్లగా తిప్పి, తెల్లబోర్డు ముందు ఒకసారి, నల్లబోర్డు ముందు ఒకసారి పట్టి, నలుసుంటే ఎర్ర ట్రేలో పెడుతుంది. నలుసున్న సీసాలను గడువులోగా ఏరే పరీక్ష ఏటా ఉంటుంది. తప్పితే ప్యాకింగ్‌కు పంపుతారు. అమ్మకు సీసాలు చూసే ఆ బల్ల అంటే ప్రాణం.

ఈసారి పరీక్ష సోమవారమనగా, శనివారం నా తెలివి చూపించబోయాను. సీసాల ఫొటోలతో ల్యాప్‌టాప్‌లో ఒక ఆట తయారుచేసి ముందు పెట్టాను. నలుసుంటే ఒక మీట, లేకుంటే ఇంకోటి. మొదటి ఫొటో రాగానే అమ్మ ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి గుండ్రంగా తిప్పింది. నేను పడీ పడీ నవ్వాను. ఆట అయ్యేసరికి సగం తప్పులు.

"నా కండ్లు పోయినయ్ బిడ్డా," అంది.

ఆదివారం పొద్దున బియ్యం ఏరుతూ అదే చాటను మూడుసార్లు చూసింది. కంటికి అందే ఆనవాళ్లు మెదడులో కొద్దికొద్దిగా పోగై, ఒక గీతను తాకగానే చెయ్యి కదులుతుందని మా పరిశోధన లెక్క. గీత కిందికుంటే తొందర, తప్పులు. పైకి జరిపితే ఆలస్యం. భయంతో అమ్మ ఆ గీతను అటకంత ఎత్తుకు జరిపింది. ఇట్లాగే పరీక్షకు కూర్చుంటే టైం చాలదు. నామీద నాకే ఒళ్లు మండింది.

"ఫొటోలల్ల ఎందుకు కనబడలేదమ్మా?"

"తిప్పకుంట ఎట్ల కనబడ్తది? తిప్పి ఆపితే గాజు మీది గీరు ఆగుతది. నలుసు నీళ్లల్ల తిరుగుతనే ఉంటది."

ఇంత చదువు చదివి, ఆనవాళ్లే ఇవ్వకుండా ఆమెను తేల్చమని అడిగానన్నమాట.

వీధి చివరి డాక్టరు దగ్గర ఖాళీ సీసాలు అడిగి తెచ్చాను. కడిగి, నీళ్లు నింపి, ఎనిమిదింటిలో దారం పోగులు వేశాను. గోడకు క్యాలెండర్‌ను తెల్లటి వెనకవైపు కనబడేలా తిప్పి కట్టి, పక్కన నా నల్ల చున్నీ వేలాడదీశాను. అమ్మ కూర్చుంది. స్టాప్‌వాచ్ మీద నా వేలు ఆమెను అందుకోలేకపోయింది. చూస్తుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను.

చివరికి పక్కన పెట్టినవి తొమ్మిది.

"ఇది మంచిదేనమ్మా. నేనే నింపిన."

"తిప్పు."

చున్నీ ముందు తిప్పాను. సన్నటి తెల్లవెంట్రుక ముక్క. నాదే, నింపేటప్పుడు రాలినట్టుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సోమవారం మధ్యాహ్నం కంపెనీ గేటు దగ్గర్నుంచి ఫోన్ చేసింది.

"పాసైన," అంది. "నువ్వు కూసుంటే మాత్రం ప్యాకింగే బిడ్డా."