మామ డొక్కు బండి

చౌటుప్పల్‌లో ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ వచ్చేసిన ఆ రోజుల్లో, కంప్యూటర్ చదువు అప్పుడే ముగించిన నాకు రానిదంటూ ఏదీ లేదని గట్టి నమ్మకం. మా మేనమామ యాదగిరిగుట్టకు వ్యాను నడిపేవాడు. ఫోన్‌లోనే సీటు పట్టుకునేలా అతనికొక చిన్న వెబ్ యాప్ చేసిపెట్టాను. ఖాళీ సీటు పచ్చ డబ్బా, నిండిన సీటు ఎర్ర డబ్బా, పైన వ్యాను బొమ్మ. (ఆ రంగులు కుదరడానికి నేను పడ్డ తిప్పలు ఎవరూ గుర్తించలేదన్న బాధ నాకింకా ఉంది.)

మా అత్తకు అప్పటికే చూపు పోయింది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపించే ఫోన్ ఆమెది. గుట్టకు పోవాలంటే మామనడగాలి, ఆయన "గిరాకీ చూసి చెప్త తియ్" అనాలి. ఎవరినీ అడక్కుండా తన సీటు తనే పట్టుకోవాలని ఆమె కోరిక. అందుకే యాప్ సంగతి వినగానే నాకంటే ఎక్కువ సంబరపడింది.

మామ అన్నం తింటుండగా అత్త ఫోన్ తెరిచి బొమ్మ మీద వేలు పెట్టింది. "మామా డొక్కూ బ్యాండీ," అంది ఫోన్, ఇంగ్లీషు దొరసాని యాసలో.

మామ చేతిలో ముద్ద అక్కడే ఆగింది. "ఏందే పిల్లా, నా బండి డొక్కుదా?"

బొమ్మ ఫైలుకు నేను ఇంగ్లీషు అక్షరాల్లో సరదాగా పెట్టుకున్న పేరది. బొమ్మకు వివరం రాయకపోతే ఫోన్ ఫైలు పేరే చదువుతుందని నాకేం తెలుసు! అత్త కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వేలు కిందికి జరిపింది. ఫోన్ మళ్లీ నోరు తెరవలేదు.

"సీట్లేవి బిడ్డా?"

"గవే అత్తా, పచ్చ డబ్బాలు."

"పచ్చదో ఎర్రదో నాకెట్ల ఎర్కైతది? జర అవి గూడ మాట్లాడేటట్లు చెయ్యి."

నేను పేర్చినవన్నీ రంగు పూసిన ఉత్త డబ్బాలు. అవి సీట్లని ఫోన్‌కు నేను చెప్పనే లేదు. వాటిని తీసేసి అసలైన బటన్లు పెట్టాను, ఒక్కోదానికి 'ముందు సీటు, ఖాళీ' అని మాటల్లో రాశాను. రాసింది తక్కువే. అది రాయాలని తెలియడానికే అత్త కావాల్సి వచ్చింది.

ఆ శనివారం మామ ఫోన్ మోగింది. ముందు సీటు బుక్కయింది, పేరు చూస్తే అత్తది.

"ఇంట్లనే ఉంటివి గదనే, నన్నడిగితే ఏమాయె?"

"అడుగుడు వద్దనే గీ తిప్పలంత," అంటూ అత్త పట్టుచీర సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది.

చూపులేనివాళ్లూ వాడుకునేలా యాప్‌లు చెయ్యడం, ఇప్పుడు పట్నంలో నా ఉద్యోగమే ఇది. ఏ పేజీ చేసినా ముందు కళ్లు మూసుకుని వింటాను. ఈ విద్య నేర్పింది అత్తేనని ఎవరడిగినా చెప్తాను. మామ పాత వ్యాను అమ్మేసి కొత్తది కొన్నాడు. యాప్‌లో బొమ్మా మార్చాను. దాని వివరంలో మాత్రం ఆ పాత పేరే తెలుగులో రాయాలని అత్త పట్టుబట్టింది. నిగనిగలాడే ఆ కొత్త బండి మీద వేలు పెడితే ఫోన్ ఇప్పటికీ, ఈసారి చక్కటి తెలుగులో, "మామ డొక్కు బండి" అంటుంది.