పెద్దమ్మ లాప్‌టాప్‌కు పెట్టిన బొట్టు

డోర్నకల్ నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను జనగామ అంగట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. పెద్దమ్మ పోయిందన్నాడు. పొద్దున చాయ్ తాగి, అదే కుర్చీలో అట్లాగే కన్నుమూసిందట. ఏడుస్తూ రైలెక్కాను గానీ మహబూబాబాద్ దాటేసరికి నాకు నవ్వొచ్చింది. ఎదురు సీటావిడ విచిత్రంగా చూసింది. ఏం చేయను, మా పెద్దమ్మను తలుచుకుంటే ఏడుపు ఎక్కువసేపు నిలవదు.

ఆమె మా అమ్మకు అక్క. గార్ల బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే ఇంట్లో తోచక వాళ్ళ నాయిన రేడియో విప్పింది. ఆయన ఇంటికొచ్చేసరికి రేడియో చాప మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉందట. తిట్లయితే తిన్నది గానీ, మళ్ళీ బిగించి పాడించింది కూడా. "ఆ ఏడు సదువు పోయింది గని రేడియో వచ్చింది" అని గొప్పగా చెప్పుకునేది. అప్పటినుంచి మా ఇళ్ళల్లో ఏది మూగబోయినా ఆమె దగ్గరికే పోవాలి.

ఎనభైల్లో టేప్ రికార్డర్ కొనుక్కుని, వాళ్ళ అవ్వ బతుకమ్మ పాటలు పాడుతుంటే పట్టింది. ఆ అవ్వే మా అమ్మమ్మ. ఆ ఒక్క క్యాసెట్‌లో తప్ప అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ఫొటోలున్నాయి, కానీ ఫొటో పాడదు కదా. ఇన్నేళ్ళకు ఆ టేపు సాగి సాగి, ఇవాళో రేపో తెగేలా తయారైంది. తెగేలోపు దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాలని పెద్దమ్మ పట్టుబట్టింది.

నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఇది మోయదని షాపులో చెప్తే, ఆమె తానే చదివి తెలుసుకుని లైనక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఊరంతా కలిసి చెరువులో పూడిక తీసినట్టు, ఎక్కడెక్కడి వాళ్ళో తలా ఒక చెయ్యి వేసి తయారుచేసి ఉచితంగా ఇస్తారట, ఆ సంగతి ఆమెకు తెగ నచ్చింది. లాప్‌టాప్ చక్కగా తెరుచుకుంది. కానీ మాటా లేదు, వినికిడీ లేదు.

స్పీకర్లకూ మైకుకూ డ్రైవర్ దొరకలేదంది. కారు డ్రైవర్ తప్ప నాకింకో డ్రైవర్ తెలియదు. "మా బడికి తండా పిల్లలు వచ్చేటోళ్ళు గద. ఇంట్ల వాళ్ళ భాష వేరె, నా భాష వేరె. నడుమ ఒక పెద్ద పిల్ల కూసోని ఇద్దరికీ చెప్పేది. గా పిల్లే డ్రైవర్. గిప్పుడు గా పిల్ల బడికి రాలే" అన్నది. ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

ఆ పిల్లను వెతకడానికి నెలలు పట్టింది. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళను అడిగేది. వాళ్ళు చెప్పిన మార్పు ఒకటి చేసేది, లాప్‌టాప్ ఆపి మళ్ళీ తెరిచేది, చెవి ఆనించి వినేది. అన్నీ ఒకేసారి మార్చి చూడరాదా అని నేను విసుక్కుంటే ఒప్పుకునేది కాదు. "రెండు పనులు ఒక్కసారి చేస్తే, దేంతోని బాగయిందో ఎట్ల తెలుస్తది?" అనేది. కూరలో ఉప్పూకారాలు కూడా అట్లాగే వేసేది, ఒకటి వేసి రుచి చూశాకే ఇంకోటి.

ఎవరో చెప్పిన ఒక్క వాక్యం సెట్టింగుల్లో చేర్చగానే స్పీకర్లు పలికాయి. మైకు మాత్రం పలకలేదు. టేపు పాడేది మైకు వినందే క్యాసెట్ ఎక్కదు. డ్రైవర్ మార్చింది, పాతది వేసింది, కొత్తది వేసింది, ఊహూఁ. చివరికి అవతలి మనిషి, ఏ దేశమో ఏమో, లాప్‌టాప్ ఫొటో తీసి పంపమన్నాడు. పంపింది. తెర పైఅంచున ఆ ఎర్రటిది ఏమిటని జవాబొచ్చింది.

అది దసరా బొట్టు. పండగనాడు బండికీ, కత్తిపీటకూ పెట్టినట్టే లాప్‌టాప్‌కూ పసుపు కుంకుమ పెట్టింది. కెమెరా కన్ను కదా అని వదిలేసి, పక్కనున్న చిన్న చుక్క మీద తడి కుంకుమ నిండుగా అద్దింది. ఆ చుక్కే మైకు రంధ్రం. పైగా రోజూ పాత చీరగుడ్డతో తెర తుడుస్తూ, బొట్టు చెరగకుండా చుట్టూ తుడిచేది. నాకు ఫోన్ చేసి చెప్తూ మాట పూర్తిచేయలేక నవ్వింది. "బొట్టు పెట్టి చెవి మూసిన్నే బిడ్డా."

మెత్తని బ్రష్షుతో కుంకుమ తీస్తే మైకు వినడం మొదలుపెట్టింది. ముందు క్యాసెట్ పని చూడమంటే వినలేదు. పూజ చేసిన వాళ్ళు డ్రైవర్ కంటే ముందు బొట్టు చూసుకోండని ఇంటర్నెట్‌లో అక్కడే అందరికోసం రాసింది. మనకు చెప్పినోళ్ళున్నరు, మనం చెప్పకుంటే ఎట్ల అన్నది.

రికార్డు చేసిన రోజు నేనూ ఉన్నాను. ఫ్యాన్ ఆపించింది, నా గాజులు తీయించింది, కాజీపేట వైపు రైలుబండి వెళ్ళేదాకా ఆగింది. టేప్ రికార్డర్‌ను లాప్‌టాప్ ముందు పెట్టి, ఊపిరి గట్టిగా తీసుకోవద్దని నన్ను హెచ్చరించి మీట నొక్కింది. అమ్మమ్మ పాడింది. పాట అయ్యాక ఆ గొంతే కసిరింది. "ఇగ సాలు తియ్ బిడ్డా. గా డబ్బ పక్కకు పెట్టి బువ్వ తిన రా."

"వస్తున్ననే అవ్వా, జర ఆగు" అన్నది మా పెద్దమ్మ, ఈ డెబ్బై దాటిన పెద్దమ్మ, లాప్‌టాప్ ముందు కూర్చుని.

ఇద్దరం పడీపడీ నవ్వాం. అదీ రికార్డయింది. మళ్ళీ తీద్దామంటే, టేపు ఇంకోసారి తిరిగేలా లేదు, ఉండనియ్ అన్నది. "అవ్వ పిలిస్తే పలకకుంటె ఎట్ల?"

పెద్దకర్మ నాడు మా అమ్మ ఆ లాప్‌టాప్‌కు కొత్త బొట్టు పెట్టింది, ఆ రంధ్రం వదిలేసి. విస్తళ్ళలో అన్నం వడ్డించాక తమ్ముడు పాట పెట్టాడు. పాట అయ్యాక అమ్మమ్మ బువ్వకు పిలిచింది. పెద్దమ్మ వస్తున్నానంది, జర ఆగమంది. విస్తళ్ళలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. కాసేపు అందరం ఆమె కోసం ఆగాం.