పంతులుగారి బ్లాగుకి మైల

పలాసలో పౌరోహిత్యం చేసే మా ఆయన ఫణిశంకర్‌కి నోరూ ఫోనూ రెండూ ఖాళీగా ఉండవు. పెళ్లిలో ఏ మంత్రానికి ఏ అర్థమో యూట్యూబ్‌లో చెబుతారు, ముహూర్తాలు ఫేస్‌బుక్‌లో రాస్తారు, పందిళ్ల ఫొటోలు ఇన్‌స్టాలో పెడతారు. "నాలుగిళ్లల్లో వండుకుంటున్నట్టుంది, మనకంటూ ఒక వంటిల్లు ఉండొద్దూ?" అని ఈ మధ్య ఒక బ్లాగు మొదలెట్టారు. ఎక్కడ ఏం పెట్టినా అది తనంతట తనే వచ్చి ఆ బ్లాగులో చేరుతుంది. చేరగానే దాని లింకు, ఈయన చేత శుభకార్యాలు చేయించుకునే ఇళ్లవాళ్ల వాట్సాప్ గ్రూపుకి పోతుంది. ఇదంతా ఎవరి సాయమూ లేకుండా తనే కుదుర్చుకున్నారు. తనకి రాని విద్య ఒకటుందని ఆయన ఒప్పుకోగా నేనింతవరకూ వినలేదు.

కొత్తవి చేరుతున్నాయి కదా అని పాత పోస్టులు కూడా లాగారు. అక్కడే వచ్చింది తంటా. పాతవాటికి పాత తేదీలే ఉంచాలో, ఆ రోజు తేదీ వెయ్యాలో ఒకచోట ఎంచుకోవాలట. ఈయన చూసుకోలేదు, అన్నిటికీ ఆ రోజు తేదీయే పడింది. ఊరందరికీ తిథి, వారం, నక్షత్రం చెప్పే మనిషి!

మర్నాడు పొద్దున్నే సుమ్మాదేవిలో జీడితోటల వైకుంఠరావుగారి కూతురు ప్రవల్లిక పెళ్లి. మూడు తరాలుగా ఆ ఇంటికి మేమే పురోహితులం. ఈయన సామాను సర్దుకుంటుండగా టెక్కలి నుంచి మా ఆడపడుచు అపర్ణ ఏడుస్తూ ఫోన్ చేసింది.

"పెదనాన్న పోయారని నాకొక్క ముక్కయినా చెప్పలేదేం వదినా? బ్లాగులో చూసి తలస్నానం చేసొచ్చాను."

నేను గాభరాగా బ్లాగు తెరిచాను. "మా పెదనాన్నగారు ఈ ఉదయం కాలం చేశారు. పది రోజులు మైల. ఏ కార్యానికీ రాలేను" అని, పైన ఆ రోజు తేదీతో సహా ఉంది. అది కరోనాకి ముందెప్పుడో పోయిన పెద్ద పెదనాన్నగారి గురించి రాసింది. ఇచ్ఛాపురంలో ఉండే రెండో పెదనాన్న భావనారాయణగారు నిక్షేపంలా ఉన్నారు. అందరూ పోయింది ఆయనే అనుకున్నారు.

అపర్ణకి సర్దిచెప్పేలోపే వైకుంఠరావుగారి ఫోను. "ఏటి పంతులుగారూ, ఇలగయిపోనాది! మైలలో మీరెలా వత్తారు? ఇంకో పంతుల్ని సూత్తన్నాం."

మూడు తరాల ఇల్లు ఒకసారి చెయ్యి జారితే మళ్లీ వస్తుందా? ఈయన మాత్రం తొణకలేదు. పోస్టు పాతదని, తీసేస్తానని చెప్పారు. అవతల వైకుంఠరావుగారి తల్లి నూకమ్మ గొంతు మాకు వినిపిస్తూనే ఉంది. "పోస్టు తీసేత్తే మైల పోద్దేటి? అలగొచ్చి తాళి ముట్టుకుంటే పిల్లకి మంచిది కాదు!"

"బతికున్న మనిషిని చూపిస్తే సరి" అని ఈయన పెదనాన్నగారితో వీడియో కాల్‌లో మాట్లాడి, దాన్ని రికార్డు చేసి గ్రూపులో పెట్టారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఇదీ పాతది కాదని ఎలా నమ్మడం పంతులుగారూ?" అన్నారు వైకుంఠరావుగారు. "పొద్దుట్నుంచీ మీ బ్లాగులో పాతవే వత్తన్నాయి కదేటి!"

ఈయన మళ్లీ పెదనాన్నగారికే ఫోన్ చేశారు. సంగతంతా విని పెదనాన్నగారు ఒకటే అన్నారు. "ఫోనులో కనబడితే నమ్మనివాళ్లకి మనిషే కనబడాలి. రేపు పొద్దున్న పాసింజరుకి వస్తున్నాను. ఆ పెళ్లి నువ్వే చేయిస్తున్నావ్."

ఎనభై దాటిన మనిషి, చెప్పినట్టే మర్నాడు సుమ్మాదేవి స్టేషన్లో దిగారు, మేమిద్దరం ఎదురెళ్లి తీసుకొచ్చాం. పందిట్లోకి వస్తూనే నూకమ్మ ముందు నిలబడ్డారు. "ఏం నూకమ్మా, నీ పెళ్లి మా నాన్న చేయించారు. నీ మనవరాలి పెళ్లికి మావాడు పనికిరాడా?"

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యబాబోయ్! సచ్చిపోనారని పుకారు పుట్టినోలు నూరేళ్లు బతుకుతారంట. మీవోడే సేయించాల బాబూ, ఇంకెవులు సేయిత్తారు!"

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పీటలు వేస్తుంటే పెదనాన్నగారు ఈయన్ని పక్కకి పిలిచి ఆ పోస్టు చూపించమన్నారు. మేమంతా పై మూడు వాక్యాలకే బెంబేలెత్తిపోయాం గానీ, దాని కింద చాలా ఉంది. పెద్ద పెదనాన్న తనకి మంత్రాలు నేర్పిన రోజులు, స్వరం తప్పితే చెవి మెలిపెట్టి, ఆనక అటుకులూ బెల్లం పెట్టిన వైనం ఈయన రాసుకున్నారు. పెదనాన్నగారు ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివారు.

"మా అన్నయ్య గురించి ఇంత రాశావట్రా" అన్నారు.

"తీసేస్తాను పెదనాన్నా. మీకు అపశకునంలా ఉంది."

"వద్దు, ఉండనీ. తేదీ మార్చు, చాలు." ఫోను తిరిగిచ్చి, ఈయన భుజమ్మీద చెయ్యి వేశారు. "నాదీ నువ్వే రాయాలి. ఇంత బాగానూ రాయాలి. తొందరపడకు, ఆ రోజొచ్చాకే."

మా ఆయనకి మాట పెగలకపోవడం నేను చూడ్డం అదే మొదలు. వంగి ఆయన కాళ్లకి దండం పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లి పీటల ముందు కూర్చున్నారు.